కనకాంబరం స్వెట్టరూ, పక్కింటి పెద్దాయన నోటు పుస్తకమూ

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు. కిందటి వీడియోలో నా వెనకాల గోడకి వేలాడుతున్న నలుపూ పసుపూ కండువా చూసి, అదేంటక్కా అని చాలామంది అడిగారు. మా బాబాయి అయితే పసుపు కనపడగానే తెనాలి నుంచి ఫోన్ చేసి "అక్కడ కూడా మన పార్టీ పెట్టారటే!" అని తెగ సంతోషపడిపోయాడు. పార్టీ కాదు బాబాయ్, అది నాటింగ్‌హామ్ పాంథర్స్ అనే ఐస్ హాకీ టీమ్ కండువా. ఇవాళ ఆ కథే చెప్తాను, కాస్త పెద్దది, వంట చేసుకుంటూ వినండి.

నేను 2022 సెప్టెంబర్లో ఎమ్మెస్సీకి ఇక్కడికి, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌కి వచ్చాను. స్నెయింటన్ అనే పేటలో మేడ మీద గది, కిటికీ తీస్తే కొండ మీద పాత గాలిమర కనపడుతుంది. పక్కింట్లో ఒక పెద్దాయన ఒక్కడే ఉంటాడు. మొదటి రోజే "అయ్ అప్ మి డక్" అన్నాడు. నన్ను బాతు అంటాడేంటి అని రెండు రోజులు ఫీలయ్యాను, తర్వాత తెలిసింది, ఇక్కడ అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు, మన దగ్గర ఏమ్మా అన్నట్టు. క్రిస్మస్ సెలవుల్లో ఊరంతా మూసేసి, గదిలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, ఆయనే తలుపు కొట్టి ఒక టికెట్ ఎక్కువుంది, మ్యాచ్‌కి వస్తావా అన్నాడు. చలి కదా అని మా అమ్మ అల్లి పంపిన స్వెట్టర్ వేసుకుని దిగాను. మంచి కనకాంబరం రంగు. ఆయన నన్ను చూసి ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత తన కోటు విప్పి ఇచ్చి "మెడ దాకా బటన్లు పెట్టుకో" అన్నాడు. నాకేం అర్థం కాలేదు.

ఎరీనాకి వెళ్ళాక అర్థమైంది. ఆ రోజు ఆడుతున్నది షెఫీల్డ్ స్టీలర్స్‌తో. షెఫీల్డ్ ఇక్కడికి ఓ గంట దూరం, వీళ్ళకీ వాళ్ళకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ స్టీలర్స్ రంగేమో అచ్చం కనకాంబరం! అయిదారు వేలమంది పాంథర్స్ మనుషుల మధ్య నేను ఆ స్వెట్టర్‌తో కూర్చున్నాను. కోటుకి పైబటన్ లేదు. వెనక వరసలో ఒకావిడ నా మెడ దగ్గర ఆ రంగు చూసి, ఏమీ అనకుండా తన కండువా తీసి నాకు చుట్టేసింది. గోడ మీద మీరు చూసింది అదే.

ఆట గురించి రెండు ముక్కలు చెప్తాను, లేకపోతే మిగతా కథ ఎక్కదు. ఒక్కో వైపు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు, విజిల్ కొట్టినప్పుడల్లా గడియారం ఆగుతుంది కాబట్టి మొత్తం రెండు గంటలు దాటిపోతుంది. బంతి ఉండదు, పక్ అని నల్ల రబ్బరు బిళ్ళ, బూట్ పాలిష్ డబ్బా అంత ఉంటుంది, మొదటి రోజు అది నాకు ఒక్కసారి కూడా కనపడలేదు, జనం లేచినప్పుడు లేచాను అంతే. ఆటగాళ్ళు ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వచ్చేస్తారు, వేరేవాళ్ళు దూకుతారు, మన కబడ్డీలో కూతకి వెళ్ళి వచ్చినట్టు. తప్పు చేస్తే రెండు నిమిషాలు అద్దాల పెట్టెలో కూర్చోవాలి, గోడకుర్చీ అనుకోండి. అవతలి టీమ్‌కి ఆ రెండు నిమిషాలూ పవర్ ప్లే. ఈ మాట ఒక్కటి వినగానే ప్రాణం లేచొచ్చింది, క్రికెట్ పుణ్యమా అని.

మ్యాచ్ అయ్యాక టీకి పిలిచి ఆయన ఒక నోటు పుస్తకం బయటికి తీశాడు. గట్టి అట్ట, వెన్ను ఊడిపోతే టేపు వేశారు. వాళ్ళమ్మది. ఆవిడ ప్లేయర్స్ అనే సిగరెట్ కంపెనీ ఫ్యాక్టరీలో పనిచేసేదట, పదిహేడేళ్ళప్పటి నుంచి మ్యాచ్‌లకి వెళ్ళేదట, ఒక్కో సీజన్‌కి ఒక పేజీ. మన ఇళ్ళల్లో పాల లెక్కలు రాస్తారు చూడండి, అలా. ఎవరితో ఆడారు, ఎంత కొట్టారు, పక్కన అప్పుడప్పుడూ సొంత మాటలు.

మొదటి పేజీ మీద 1939 అని ఉంది, కింద ఏమీ లేదు. ఎందుకంటే ఆ ఏడాదే లోయర్ పార్లమెంట్ స్ట్రీట్లో ఐస్ స్టేడియం తెరిచారు, పాంథర్స్ అని పేరు పెట్టి కెనడా నుంచి ఆటగాళ్ళని కూడా దింపారు, సరిగ్గా అప్పుడే సెప్టెంబర్లో యుద్ధం వచ్చింది. ఒక్క మ్యాచ్ ఆడకుండా అందరూ వెనక్కి వెళ్ళిపోయారు. పెళ్ళివారు దిగాక ముహూర్తం తప్పినట్టు. అసలు మొదటి మ్యాచ్ ఏడేళ్ళ తర్వాత, 1946 నవంబర్ 22న, వెంబ్లీ మోనార్క్స్ మీద, 3-2 తేడాతో గెలిచారు. యుద్ధం అయిపోయినా రేషన్ కార్డులు పోని రోజులు. "ఇంట్లో బొగ్గు లేదు, రింక్‌లోనే నయం, పక్కన మనుషులుంటారు" అని ఆవిడ రాసుకుంది. మంచు గడ్డ పక్కన కూర్చుంటే ఇంటికన్నా వెచ్చగా ఉందంటే ఆ ఇల్లెలా ఉండేదో.

1947 నుంచి ప్రతి పేజీలోనూ ఒకటే పేరు, చిక్ జమిక్. విన్నిపెగ్ నుంచి వచ్చిన పొట్టి మనిషి, 1958 దాకా ఇక్కడే ఆడాడు. హాకీలో గోల్ కొట్టినా, కొట్టించినా పాయింట్ ఇస్తారు, ఆ లెక్కన ఆయనవి 1,423 పాయింట్లు. ఆవిడకి ఆయన మీద కొంచెం అభిమానం ఎక్కువేనని కొడుకే నవ్వుతూ ఒప్పుకున్నాడు. 1950-51 పేజీలో లీగ్ గెలిచినట్టు పెద్ద అక్షరాలతో ఉంది, మూలన చిన్నగా "బాబు పుట్టాడు" అని. ఆ బాబే ఈ పెద్దాయన. వరస గమనించండి, ముందు లీగ్, తర్వాత బాబు!

1953-54లో మళ్ళీ లీగ్ గెలిచారు, అది ఇంగ్లీష్ నేషనల్ లీగ్ చివరి సీజన్ కూడా. తర్వాత స్కాట్లండ్ టీమ్‌లతో కలిపి బ్రిటిష్ లీగ్ పెట్టారు, 1955-56లో అదీ పాంథర్సే గెలిచారు, ఆ లీగ్ 1960లో కుప్పకూలింది, దాంతో పాంథర్స్ కూడా మూతపడ్డారు. నోటు పుస్తకంలో 1960 కింద ఒక గీత. తర్వాతి పేజీల్లో స్వెట్టర్ అల్లికల లెక్కలు, గ్యాస్ మీటర్‌కి వేసిన చిల్లర, ఎవరికో ఇచ్చిన అప్పు. ఇరవై ఏళ్ళు హాకీ లేదు.

రింక్ మాత్రం ఖాళీగా లేదండోయ్. ఊళ్ళో పిల్లలు స్కేటింగ్ నేర్చుకునేవాళ్ళు, అందులో ఇద్దరు జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్. జేన్ ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, డీన్ పోలీస్ కానిస్టేబుల్. 1984 సరయెవో ఒలింపిక్స్‌లో బొలేరో సంగీతానికి వాళ్ళు ఆడితే కళాత్మకతకి తొమ్మిదిమంది జడ్జీలూ 6.0 ఇచ్చారు, అంటే నూటికి నూరు. ఇప్పటి ఎరీనా ముందున్న స్థలం పేరు బొలేరో స్క్వేర్, అందుకే. నేను మొదట్లో అదేదో కారు పేరనుకున్నాను, మన ఊళ్ళల్లో బొలేరో అంటే అదే కదా.

1980 సెప్టెంబర్లో సోలిహల్ బ్యారన్స్‌తో మ్యాచ్‌తో పాంథర్స్ మళ్ళీ మొదలు. ఇక్కడి నుంచి చేతిరాత రెండు రకాలు, అమ్మది, కొడుకుది. కొడుకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళవాడు. చిన్నప్పుడు అమ్మ ఒడిలో కూర్చుని చూసిందేదీ సరిగ్గా గుర్తులేదట, చల్లటి గాలి వాసన తప్ప. 1989లో వెంబ్లీలో ఎయిర్ బ్రూయిన్స్ మీద ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి బ్రిటిష్ ఛాంపియన్లు అయ్యారు, కోచ్ అలెక్స్ డాంపియర్. ఆ పేరు మీద తర్వాత ఎవరో పెన్సిల్‌తో గట్టిగా కొట్టేశారు. ఎవరు కొట్టేశారని అడిగితే ఆయన కప్పులో చక్కెర కలుపుకుంటూ ఉండిపోయాడు. విషయం ఏంటంటే, 1991లో షెఫీల్డ్‌లో స్టీలర్స్ పుట్టారు, ఈ డాంపియర్ తర్వాత అక్కడికి కోచ్‌గా వెళ్ళి 1995లో, 1996లో వరసగా వాళ్ళ చేత లీగ్ కొట్టించాడు. ఇక ఆ కనకాంబరం రంగంటే వీళ్ళకెందుకు మంటో మీరే చెప్పండి.

తొంభైల పేజీలన్నీ నేను గబగబా తిప్పేశాను, నిజం చెప్పాలంటే. పాల్ ఏడీ గోల్సు మీద గోల్సు కొట్టడం, పెద్ద కప్పు దగ్గరికొచ్చి జారిపోవడం, అదే వరస. 2000లో పాత స్టేడియం చోటనే ఇప్పటి నేషనల్ ఐస్ సెంటర్ వచ్చింది, ఏడు వేలమందికి పైగా పడతారు, రాక్ కచేరీలూ అక్కడే. ఇప్పటి ఎలీట్ లీగ్ 2003లో మొదలైంది, పది టీమ్‌లు, బెల్‌ఫాస్ట్ నుంచి కార్డిఫ్ దాకా. 2007లో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచిన పేజీ ఆవిడ రాసిన ఆఖరి మంచి పేజీ. 2009లో పోయింది.

అందుకే 2012-13 పేజీ చూపించేటప్పుడు ఆయన కాస్త ఆగాడు. ఆ సీజన్లో కోరీ నీల్సన్ కోచ్‌గా లీగ్, ఛాలెంజ్ కప్, ప్లేఆఫ్ మూడూ కొట్టేశారు. ఫైనల్లో బెల్‌ఫాస్ట్ జెయింట్స్‌తో సరిసమానంగా నిలిచి, అదనపు సమయంలో డేవిడ్ క్లార్క్ గోల్ కొట్టాడు. కప్పుల సంగతి అలా ఉంచండి, సీజన్ అంతా ఆడి లీగ్ గెలవడం 1956 తర్వాత అదే మొదలు! 57 ఏళ్ళు. అంటే ఈయన అయిదేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు ఒకటి, మళ్ళీ అరవై రెండేళ్ళప్పుడు ఒకటి. మధ్యలో బడి, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, రిటైర్‌మెంట్, అన్నీ అయిపోయాయి. మన ఐపీఎల్ టీమ్ రెండేళ్ళు వరసగా ఓడితే మా తమ్ముడు జెర్సీ పనిమనిషికి ఇచ్చేశాడు, వాడికి ఈ పేజీ ఫోటో తీసి పంపాను.

2017 జనవరిలో ఇటలీలోని రిట్టెన్ అనే కొండ ఊళ్ళో కాంటినెంటల్ కప్ గెలిచారు, బ్రిటన్ టీమ్ ఒకటి యూరప్ కప్పు గెలవడం అదే మొదటిసారి. ఆ గెలుపుతో తర్వాతి సీజన్ ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్ళి ఆఖరి పదహారు టీమ్‌ల దాకా నిలిచారు. 2020లో కోవిడ్‌కి సీజన్ మధ్యలో ఆపేశారు, 2021లో నాలుగు టీమ్‌లతో జనం లేకుండా ఒక చిన్న టోర్నీ ఇక్కడే పెడితే ఫైనల్లో షెఫీల్డ్‌ని ఓడించి అది గెలిచారు. ఇంటి నుంచి టీవీలో చూస్తూ, తన అరుపుకి తనే ఉలిక్కిపడ్డానని పెద్దాయన రాసుకున్నాడు.

ఇంకో పేజీ ఉంది. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

2023 అక్టోబర్ 28, శనివారం, షెఫీల్డ్‌లో మ్యాచ్. పెద్దాయన అభిమానుల బస్సులో వెళ్ళాడు. నాకు ఆ రోజు సాయంత్రం షిఫ్ట్ ఉంది, వెళ్ళలేదు. ఆట మధ్యలో ఇద్దరు ఢీకొన్నప్పుడు స్కేట్ బ్లేడు మెడకి తగిలి ఆడమ్ జాన్సన్ చనిపోయాడు. 29 ఏళ్ళు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం అబ్బాయి, పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కి ఆడినవాడు, ఆ ఏడాదే ఇక్కడికి వచ్చాడు. నేను అర్ధరాత్రి ఇంటికొచ్చేసరికి పక్కింట్లో లైటు వెలుగుతోంది. తలుపు కొడితే తీశాడు. బూట్లు కూడా విప్పలేదు. నేను టీ పెట్టి ఇచ్చాను, తాగలేదు. ఇద్దరం అలా కూర్చున్నాం, నాకేమో ఆ టైములో ఏం మాట్లాడాలో ఇంగ్లీషులోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు.

తర్వాత రోజుల్లో బొలేరో స్క్వేర్ అంతా పూలు, కండువాలు, జెర్సీలు, అన్ని టీమ్‌లవీ. కనకాంబరం రంగువి కూడా. వాటిని ఎవరూ పక్కకి జరపలేదు. నవంబర్ 18న మాంచెస్టర్ స్టార్మ్‌తో జాన్సన్ జ్ఞాపకార్థం మ్యాచ్ ఆడారు, దానికి నేనూ వెళ్ళాను. ఆయన నంబర్ 47 ఇంకెవరికీ ఇవ్వరు. 2024 నుంచి ఈ లీగ్‌లో మెడకి గార్డు తప్పనిసరి చేశారు. నోటు పుస్తకంలో అక్టోబర్ 28 పక్కన స్కోరు లేదు, 47 అని ఉంది.

2025 ఏప్రిల్లో, ఈస్టర్ ఆదివారం, సొంత ఎరీనాలో కార్డిఫ్ డెవిల్స్ మీద ప్లేఆఫ్ ఫైనల్ గెలిచారు, కోచ్ డానీ స్టూవర్ట్. ఆఖరి నిమిషాల్లో పెద్దాయన టెన్షన్ తట్టుకోలేక చెవి మిషన్ తీసి నా చేతిలో పెట్టేశాడు, "అయిపోయాక చెప్పు" అని కళ్ళు కూడా మూసుకున్నాడు. అయిపోయాక నేను భుజం తడితే ముందు నా మొహం చూశాడు, తర్వాత స్కోరు బోర్డు చూశాడు. ఆ పేజీలో ఆయన రాత వంకర్లు పోయింది, చెయ్యి వణుకుతోంది ఈ మధ్య. అందుకని కొత్త సీజన్ నుంచి స్కోర్లు నన్ను రాయమంటున్నాడు. రాస్తున్నాను, ఆయన చెప్తుంటే. తేదీ ముందు రాయాలా, అవతలి టీమ్ ముందు రాయాలా అని ప్రతివారం ఒక గొడవ.

సరే, నాటింగ్‌హామ్ ట్రెంట్‌కో, నాటింగ్‌హామ్ యూనివర్సిటీకో కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలకి చెప్తున్నాను. సొంత ఎరీనాలో మ్యాచ్ ఉంటే మామూలుగా శనివారం రాత్రి 7 గంటలకి. ట్రామ్‌లో వస్తే లేస్ మార్కెట్‌లో దిగి అయిదారు నిమిషాలు నడవండి. లోపల చలి, రెండు జతల సాక్సులు వేసుకోండి, శాలువా ఉంటే తెచ్చుకోండి. మొదటిసారి అయితే అద్దం పక్క సీట్లు వద్దు, కొంచెం పైన కూర్చుంటేనే బిళ్ళ కనపడుతుంది. స్వెట్టర్ రంగు గురించి నేను మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా.