అతుకు ఎక్కడ పడిందో జుట్టు చెప్తుంది

మిత్రులారా, జాకీ చాన్ సినిమా అయ్యి లైట్లు వేయగానే వెనక వరుసలోంచి ఒకాయన, "ఫైట్లు అదిరిపోయాయి, మిగతాదంతా ఏంటండీ?" అన్నారు. నేను రాసుకొచ్చిన మొదటి పేజీ సారాంశం అదే. కాబట్టి దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాను.

1986 నాటి ఈ 'ఆర్మర్ ఆఫ్ గాడ్' కథ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జాకీ చాన్ నిధుల వేటగాడు. అతని మాజీ ప్రియురాల్ని ఒక సన్యాసుల ముఠా ఎత్తుకుపోతుంది. పాత కవచం ముక్కలు తెచ్చిస్తే వదిలేస్తామంటారు. మధ్యలో అలకలూ, అపార్థాలూ, దాగుడుమూతలూ. స్నేహితుడిగా వేసిన అలన్ టామ్ హాంకాంగ్‌లో పెద్ద పాప్ గాయకుడు. అక్కడి అభిమానులకు ఆయన తెరమీద కనిపిస్తే చాలేమో. మనకి మాత్రం ఆ కామెడీ ట్రాక్ సాగదీతే. నేనైతే ఆ భాగంలో రెండుసార్లు వాచీ చూసుకున్నాను.

ఇప్పుడు జాకీ జుట్టు గుర్తు తెచ్చుకోండి. మొదట్లో, గిరిజనుల దగ్గర్నుంచి కత్తి కొట్టేసి పారిపోయేటప్పుడు పొట్టిగా ఉంటుంది. ఆ తర్వాత సినిమా అంతా ఒత్తుగా, పొడుగ్గా ఉంటుంది. ఆ రెండు క్రాపుల మధ్య ఒక ఆపరేషన్ జరిగింది. యుగోస్లావియాలో షూటింగ్. గోడ మీంచి చెట్టు కొమ్మ మీదికి దూకాలి. మొదటి టేక్ బాగానే వచ్చింది. జాకీకి తృప్తి కలగలేదు, ఇంకోసారి అన్నాడు. ఈసారి కొమ్మ విరిగింది. సుమారు 5 మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు, తల రాయికి కొట్టుకుంది. పుర్రె పగిలి, మెదడులో రక్తస్రావం. డాక్టర్లు తలకి ప్లాస్టిక్ బిళ్ల అమర్చారు. కుడి చెవి వినికిడి దెబ్బతింది. అప్పటిదాకా దర్శకుడు ఎరిక్ త్సాంగ్. మళ్లీ షూటింగ్ మొదలయ్యాక ఆ పని జాకీయే చూసుకున్నాడు. సినిమా అతుకుల బొంతలా ఉందని మనం అనుకుంటే, ఆ అతుకు నిజంగానే తల మీద పడింది మరి.

ఇక ఫైట్లు. సన్యాసుల గుంపుతో జరిగేదాన్ని చూడండి. కెమెరా కాస్త దూరంగా, నిబ్బరంగా ఉంటుంది. తల నుంచి పాదం దాకా మనిషి కనిపిస్తాడు. దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ తగిలిందో మనకి తెలుస్తుంది. దెబ్బ తగిలే క్షణంలో షాట్ మార్చి, అంతకుముందు రీలులోని కొన్ని బొమ్మలు (ఫ్రేములు) మళ్లీ చూపించే కిటుకు హాంకాంగ్ ఎడిటింగ్‌లో ఉంది. కంటికి అది రెండుసార్లుగా కనిపించదు, బరువుగా కనిపిస్తుంది. కొట్టడం, కొట్టడం, ఒక్క క్షణం ఆగడం, మళ్లీ కొట్టడం. ఈ తాళం జాకీకి చిన్నప్పుడే ఒంటబట్టింది. దాదాపు పదేళ్లు పెకింగ్ ఒపెరా (పాటా, ఆటా, పల్టీలూ కలిసిన చైనా సంప్రదాయ నాటకం) బడిలో పల్టీలు కొడుతూ పెరిగాడు. ఒపెరాలో అడుగు పడేది డప్పు, తాళాల వరసకే.

నల్ల డ్రెస్సుల్లో, హైహీల్స్ వేసుకుని నలుగురు ఆడవాళ్లు మీదపడే సీను నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ మడమలే ఆయుధాలు. తగిలిన ప్రతిసారీ జాకీ ముఖంలో చెప్పుకోలేని నొప్పి! పెద్ద పెద్ద దెబ్బలు తిని కిందపడేది మాత్రం విగ్గులు పెట్టుకున్న మగ స్టంట్‌మెన్లు. కాళ్ల కండలు చూస్తే దొరికిపోతారు. దొరికినా నవ్వే వస్తుంది, కోపం రాదు.

చివర్లో కొండ మీంచి దూకి వేడిగాలి బెలూన్ మీద పడతాడు కదా, అదీ అతుకే. కొండ అంచున దూకింది ఒక షాట్. బెలూన్ మీద పడ్డది వేరే షాట్, దానికోసం విమానంలోంచి దూకాడు. తల పగిలిన సినిమాకే!

మీలో సగం మంది పేర్లు పడటం మొదలవగానే కుర్చీలు వదిలేశారు. ఆ పేర్ల పక్కనే తప్పిపోయిన టేకులు వేస్తారు. ఆ చెట్టూ, ఆ కొమ్మ విరగడమూ అందులోనే ఉన్నాయి. ఆ చివరి ముక్క ఇంకోసారి వేయమని ఆపరేటర్ గారికి చెప్పాను. లైట్లు ఆపుతారు, కూర్చోండి.