ఫ్రీగా వచ్చిన ‘కోల్డ్’ ప్లగ్గులు... నా వీఆర్‌ఎస్‌కి పడ్డాయా?

నమస్తే అందరికీ. ముందే చెప్పేస్తున్నా, తర్వాత కామెంట్లలో తిట్టుకోవద్దు. ఈ నాలుగు స్పార్క్ ప్లగ్గులు, అదే సిలిండర్‌లో పెట్రోల్‌ని నిప్పురవ్వతో అంటించేవి, నాకు ఫ్రీగా వచ్చాయి. స్పేర్ పార్టులు అమ్మే ఒకాయన పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, నేను అడగలేదు. "బాగుంటే బాగుందని చెప్పండి, బాలేకపోతే మీ ఇష్టం" అన్నారు. ఆ రెండో ముక్క మనసులోంచి అన్నారో, మాటవరసకి అన్నారో ఈ వీడియో చూశాక ఆయన ఫోన్ చేస్తే తెలుస్తుంది.

స్పెసిఫికేషన్లు నేను చదవను. ఇరిడియం మొన ఉన్న ప్లగ్, హీట్ రేంజ్ (వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే అంకె) 8, అంటే కంపెనీ వేసేదానికంటే ఒక మెట్టు ‘కోల్డ్’, మిగతాదంతా పార్ట్ నంబర్ కొడితే వచ్చేస్తుంది. వీటిని వేసి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే ఏమైందో చెప్తా.

బండి మీకు తెలిసిందే, స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కారు, 2017లో మన దగ్గర లాంచ్ అయిన 230 పీఎస్ మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాను, అదే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించాను. అంటే టర్బో మామూలుకంటే కాస్త ఎక్కువ గాలి కుక్కుతోంది. అసలు గొడవ మొదలైంది అక్కడే.

మూడు నెలల క్రితం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) ఎక్కి, మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. బండి లాగుతూ లాగుతూ ఒక్కసారిగా ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు జర్క్ ఇచ్చింది. చెక్ ఇంజిన్ లైట్ టకటకా మిణుకుతోంది. ఆ లైట్ వెలిగి ఉంటే ఇంటికెళ్లి చూసుకోవచ్చు గానీ, మిణుకుతుంటే మాత్రం వెంటనే కాలు తీసేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. దాని ధర ముందు ప్లగ్గుల ధర చిల్లర కింద లెక్క.

పక్కకి ఆపి స్కానర్ పెడితే పీ0303 అనే కోడ్. మూడో సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో పెట్రోల్ సరిగా అంటుకోవట్లేదని. ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే, వెంటనే ప్లగ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్ కొనేస్తారు. కొనకండి. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దాని కాయిల్ మూడో దానికి పెట్టి మళ్లీ అలాగే తొక్కి చూడండి. కోడ్ పీ0301కి మారితే తప్పు కాయిల్‌ది. నాకు మారలేదు, మూడులోనే ఉంది. అప్పుడు ప్లగ్ విప్పాను. ప్లగ్ మధ్య మొనకి, పైనున్న వంపు రేకుకి నడుమ 0.8 మిల్లీమీటర్లు ఉండాల్సిన గ్యాప్ అరిగి అరిగి 1 దగ్గరికి వచ్చింది. మామూలు డ్రైవింగ్‌లో ఏమీ తెలియదు. కానీ సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తుగా ఉంటే స్పార్క్ ఆ సందు దాటడానికి అంత ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బో పూర్తిగా గాలి కుక్కుతున్నప్పుడు, పెరిగిపోయిన గ్యాప్‌లో, అది దూకలేకపోయింది. అంతే సంగతి.

సరిగ్గా ఆ వారమే ఈ బాక్స్ వచ్చింది. వాట్సాప్‌లో ఉన్న బండ్ల పిచ్చోళ్లందరూ ఒకటే పాట, "స్టేజ్ 1 చేయించావుగా, ఒక స్టెప్ కోల్డ్ వెయ్యాల్సిందే బ్రో." ఎందుకు వెయ్యాలి అని అడిగితే మాత్రం ఒక్కడూ చెప్పడు.

దోసె పెనం గుర్తుపెట్టుకోండి, అదే లెక్క. పెనం సరిగా కాగకపోతే పిండి అతుక్కుంటుంది, మరీ కాగితే మాడుతుంది. ప్లగ్ మొన కూడా అంతే. సుమారు 450, 500 డిగ్రీలు దాటితేనే దాని మీద పడిన మసిని అదే కాల్చుకుంటుంది. 850 పైకి పోతే స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకుంటుంది, పిస్టన్‌కి చిల్లు పడేదాకా పోవచ్చు. హాట్ ప్లగ్‌కి లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటుంది, వేడి నిదానంగా దిగుతుంది. కోల్డ్ ప్లగ్‌కి ముక్కు పొట్టి, వేడిని గబగబా సిలిండర్ హెడ్‌కి పంపించేస్తుంది. కోల్డ్ ప్లగ్ వేస్తే పవర్ పెరగదండీ. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోంది.

ఇంకో చిరాకు, ఆ నంబర్లు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగే కొద్దీ కోల్డ్. 6 కంటే 7, 7 కంటే 8. డెన్సోలో కూడా పెరిగితే కోల్డే, కానీ ఎన్‌జీకే 7 అంటే అక్కడ 22, 8 అంటే 24. బాష్‌కి వస్తే మొత్తం తలకిందులు, అంకె తగ్గితే కోల్డ్! ప్రపంచంలో ఉన్న పెట్రోల్ ఇంజిన్లన్నిటికీ పెట్రోలే పోస్తున్నాం, ప్లగ్గుల నంబర్లు మాత్రం ఎవరి గోల వాళ్లది. మా ఫ్రెండ్ ఒకడు ఇలాగే కన్ఫ్యూజ్ అయి కోల్డ్ అనుకుని హాట్ ప్లగ్గులు తెచ్చుకున్నాడు. అదృష్టం బాగుండి బిగించకముందు ఫొటో పంపాడు.

అసలు ప్లగ్ అంటే నాకు మా నాన్న చేతక్ గుర్తొస్తుంది. వర్షాకాలం పొద్దున్నే స్టార్ట్ అయ్యేది కాదు. ఒక పక్కకి వంచేవారు, పది కిక్కులు కొట్టేవారు, తర్వాత ప్లగ్ విప్పి ఎమరీ పేపర్‌తో రుద్ది, ఊది, మళ్లీ బిగించేవారు. డిక్కీలో పాత బట్టలో చుట్టిన స్పేర్ ప్లగ్ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఇరిడియం ప్లగ్‌కి మాత్రం ఆ ఎమరీ పేపర్ వైద్యం చేయకండి, ఆ సన్నటి మొన విరుగుతుంది. గ్యాప్ తగ్గించాలన్నా పైనున్న వంపు రేకుని మాత్రమే కదపాలి, మధ్య మొనని ముట్టుకోకూడదు.

బిగించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కాయిల్ లాగేముందు చుట్టూ గాలి కొట్టండి, లేకపోతే ఆ దుమ్మంతా సిలిండర్‌లోకే. కాయిల్ కనెక్టర్ క్లిప్పులు వేడికి అప్పడంలా పెళుసైపోయి ఉంటాయి, నావి రెండు పుటుక్కుమన్నాయి. ఇదిగో, ఇది చూడండి, జానెడు రబ్బర్ పెట్రోల్ ట్యూబ్ ముక్క. ప్లగ్ తలని దీంట్లో దూర్చి, వేళ్లతో తిప్పుతూ దింపాలి. థ్రెడ్ అడ్డంగా పడితే ట్యూబే జారిపోతుంది, హెడ్ పాడవదు. చివర్లో టార్క్ రెంచ్, ఎంత బిగించామో కొలిచి చెప్పేది. ఈ 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కి అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. థ్రెడ్‌కి గ్రీజు పూయకండి, జారుడుకి తెలియకుండా ఎక్కువ బిగిసిపోతుంది.

ఇప్పుడు అసలు కథ. ప్యాకింగ్ బాగుంది, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే నాలుగింటికీ గ్యాప్ 0.7, ఒక్క పిసరు తేడా లేదు. ఓఆర్‌ఆర్ మీద అదే మూడో గేర్, అదే తొక్కుడు, జర్క్ లేదు. సంబరపడిపోయాను.

రెండు వారాలకి ఆ సంబరం దిగింది. నా రోజువారీ ప్రయాణం మియాపూర్ నుంచి గచ్చిబౌలి. దాన్ని డ్రైవింగ్ అనరు, పాకడం అంటారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం బండి చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలైంది. రెండు వేల కిలోమీటర్లకి విప్పి చూస్తే, చూడండి, దగ్గరగా పెడుతున్నా, పింగాణీ మొత్తం పొయ్యి అడుగులా నల్లగా ఉంది. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ బండిలో కొంచెం మసి మామూలే, కానీ ఇది వేలికి అంటుకుంటోంది. ట్రాఫిక్‌లో ఈ ప్లగ్ 450 డిగ్రీలు ఎప్పుడు చూడాలి, మసి ఎప్పుడు కాల్చుకోవాలి? పైన తెల్ల పింగాణీ మీద గోధుమ రంగు గీత కనిపిస్తోంది కదా, అది మాత్రం లీకేజీ కాదు, హై వోల్టేజ్‌కి చుట్టూ ఉన్న ఆయిల్ ఆవిరి అతుక్కున్న మరక. దాన్ని చూసి మెకానిక్ భయపెడితే బిల్లు కట్టకండి.

తర్వాత నా డబ్బులతో కంపెనీ రేంజే, 7 కొన్నాను. గ్యాప్ 0.7కి తగ్గించి వేశాను. వెయ్యి కిలోమీటర్ల తర్వాత విప్పితే మొన చక్కగా మారీ బిస్కెట్ రంగు. ఫుల్ బూస్ట్‌లో జర్క్ లేదు, పొద్దున వణుకు లేదు. అంటే నాకు కావాల్సింది కోల్డ్ ప్లగ్ కాదు, చిన్న గ్యాప్ ఉన్న కొత్త ప్లగ్. ఇంతకు వచ్చింది.

కాబట్టి సిటీలో తిరిగే స్టేజ్ 1 బండికి ఈ 8 రేంజ్ ప్లగ్గులు నేను చెప్పను. ప్లగ్ చెడ్డదని కాదు, పెద్ద టర్బో పెట్టుకున్నోళ్లకి, ట్రాక్ మీద గంటల తరబడి తొక్కేవాళ్లకి ఇదే కావాలి. మా వాడొకడు వచ్చే నెల కోయంబత్తూర్ కరి ట్రాక్‌కి వెళ్తున్నాడు, తుడిచి వాడికి ఇచ్చేస్తున్నా. నాలుగు కాదు, మూడే. ఇందాక థంబ్‌నెయిల్ ఫొటో తీస్తుంటే ఒకటి చేయిజారి గచ్చు మీద పడింది. కిందపడిన ప్లగ్ బండిలో వేయకూడదు, లోపల పింగాణీ చిట్లి ఉంటే బయటికి కనపడదు. నాలుగోది వాడినే కొనుక్కోమన్నా.