పడవ సరే, మరి రేవుల మాటేమిటి?

సభకు నమస్కారం. పెద్దలందరి పేర్లూ చెప్పాలని ఉంది, టైం తక్కువ, మన్నించాలి.

గలిలయ సముద్రం అంటాం గానీ, అది ఇజ్రాయెల్‌లో సుమారు 21 కిలోమీటర్ల పొడవున్న మంచినీటి సరస్సు. దాని పాత రేవుల గురించి మాట్లాడదామనే వచ్చాను. అయితే ముందు పడవ కథ చెప్పాలి, చెప్పకుండా ఉండలేను.

1986. కరువు వల్ల నీళ్లు బాగా వెనక్కి పోయాయి. ఒడ్డునున్న గినోసార్ కిబ్బుట్జ్‌లోని (కిబ్బుట్జ్ అంటే అందరూ కలిసి బతికే సమష్టి పల్లె) జాలరి అన్నదమ్ములిద్దరికి బురదలో పడవ అంచు కనిపించింది. పురావస్తు శాస్త్రవేత్త షెల్లీ వాక్స్‌మన్ ఆధ్వర్యంలో తవ్వకం మొదలైంది. ఇంతలో నీళ్లు మళ్లీ పెరగసాగాయి. చుట్టూ గట్టు కట్టి రాత్రింబవళ్లు తవ్వారు. రెండు వేల ఏళ్లు నీటిలో నానిన చెక్క! చెయ్యి పడితే చాలు, చెదిరిపోతుంది. ఫైబర్‌గ్లాస్‌తో బలపరిచి, ఫోమ్‌తో చుట్టి, అదే సరస్సులో తేలించి తీసుకెళ్లారు. ఆపైన ఏళ్ల తరబడి మైనంలాంటి రసాయనంలో ఉంచారు. 8 మీటర్లు దాటిన ఆ పడవలో 12 రకాల కలప ఉంది, ఆనాటి వాళ్లు పాత చెక్కలను మళ్లీ వాడారు, మరమ్మతుల మీద మరమ్మతులు చేశారు. చివరికి పనికొచ్చే భాగాలన్నీ ఊడదీసుకుని వదిలేశారు. ఏమీ పారేయలేని చేతులండీ అవి! ఆ మనుషులంటే నాకెంతో గౌరవం.

సరే, రేవులు. ఐన్ గెవ్ కిబ్బుట్జ్‌లో మెండెల్ నూన్ అనే జాలరి ఉండేవారు. నీళ్లు తగ్గినప్పుడల్లా ఒడ్డు వెంట నడిచి, కఫర్నహూము, కుర్సీ లాంటి చోట్ల డజనుకు పైగా పాత రేవులను గుర్తించి, కొలిచి, రాసిపెట్టారు. నల్లరాతి అడ్డుగోడలు, లంగరు రాళ్లు, వలలకు కట్టే గుండ్లు. పడవకు మ్యూజియం ఉంది, జనం కిటకిటలాడతారు. ఆ పడవలు ఆగిన గోడలను అడిగేవాళ్లేరీ? నా బాధల్లా ఇదే.

ఆ గోడ ఏ ఎత్తులో ఉందో కొలిస్తే ఆనాటి నీటిమట్టం అంచనాకు అందుతుంది. చిల్లు పెట్టిన లంగరు రాయి ఉన్నచోటనే ఉంటే, పడవలు ఎక్కడ నిలిచేవో చెబుతుంది. ఎవరో ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్లారనుకోండి, ఇక అది వట్టి రాయి. ఎంత మంచి ల్యాబుకు పంపినా ఆ సమాచారం తిరిగి రాదు.

వెనక కూర్చున్న పిల్లలూ, మీకే చెబుతున్నాను. ఏ సరస్సయినా ఎండి అడుగు బయటపడితే, వరసగా పేర్చిన రాళ్లు కనిపిస్తే, ముట్టుకోకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖకు చెప్పండి. రేపు చూద్దాంలే అనుకోకండి, నీళ్లు తిరిగి వచ్చేలోపే చెప్పండి.