ఒంటి సిలిండర్ బండి మీద ఇంత మోజెందుకు?

అందరికీ నమస్కారం. పాత రోజుల మీద బెంగతోనే జనం పాత రూపంతో వచ్చే ఈ ఒంటి సిలిండర్ రెట్రో బండ్లు కొంటున్నారనే మాట నేను ఒప్పుకోను. అసలు పాత బండి ఎక్కి ఎరగని కుర్రాళ్లు కూడా గుండ్రటి హెడ్‌లైటు, బయటికి కనిపించే ఇంజిన్ చూడగానే ఆగిపోతున్నారు. లేని జ్ఞాపకానికి బెంగ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నన్నడిగితే ముందు కారణం చెవి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే సిలిండర్‌లో ఒక్కసారే ఫైరింగ్, అంటే పెట్రోలు మండి కొట్టే దెబ్బ. బండి నిలబడి ఉన్నప్పుడు 1,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి వెయ్యి చుట్లు అనుకుందాం. నిమిషానికి 500 దెబ్బలు, అంటే సెకనుకు ఎనిమిది. దేనికది విడిగా వినబడుతుంది. అదే నాలుగు సిలిండర్ల ఇంజిన్ 10,000 దగ్గర సెకనుకు మూడు వందలకు పైగా కొడుతుంది. అది ఒకటే కూత. వినడానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఒంటి సిలిండర్ బండి ఎత్తు ఎక్కుతూ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగిందంటే, మీటర్ చూడక్కర్లేదు, కాలు తనంతట తానే గేరు దించేస్తుంది.

రెండోది స్ట్రోక్, అంటే సిలిండర్‌లో పిస్టన్ కదిలే దూరం. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350లో సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. ఇప్పటి స్పోర్ట్స్ బండ్లలో ఇది తిరగబడింది. కేటీఎం 390 డ్యూక్‌కు మొదట ఉన్న 373 సీసీ ఇంజిన్‌లో వెడల్పు 89, స్ట్రోక్ 60. పిస్టన్ సగటు వేగం లెక్క కట్టండి: డ్యూక్‌కు 9,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 18 మీటర్లు. 90 స్ట్రోక్ ఇంజిన్‌కు 6,000కే ఆ వేగం వచ్చేస్తుంది. దాన్ని ఇంకా పరుగెత్తించడం కష్టం. అందుకే పవర్‌లో వెనకబడుతుంది. బదులుగా ఇంజిన్ తిరుగుడును నిలిపి ఉంచే బరువైన చక్రం (ఫ్లైవీల్), వాల్వులు తెరిచే క్యామ్‌ను తక్కువ ఆర్‌పీఎంకి కుదిర్చి పెట్టి, కిందనే లాగేలా చేస్తారు. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 ఇంజిన్ పవర్ 20 హార్స్‌పవరే, కానీ 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, 4,000 ఆర్‌పీఎంకే పూర్తిగా అందుతుంది. మనం రోజూ తిరిగే వేగాలు ఆ కిందే ఉంటాయి కదా. ఎక్కువ రెవ్వుల ఇంజిన్లకు పేరుపడ్డ హోండా కూడా 2020లో హైనెస్ సీబీ350 తెచ్చినప్పుడు వెడల్పు 70, స్ట్రోక్ 90.5 కొలతలే ఎంచుకుంది. నాకైతే ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక చేతిపని. క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్‌ను స్టార్ట్ చేసే తీరు చూశారా? కిక్కర్‌ను మెల్లగా నొక్కుతూ పోతే కంప్రెషన్ తగిలి ఆగుతుంది. హెడ్‌లైటు మీదున్న ఆమీటర్ (కరెంటు చూపే మీటర్) ముల్లు మధ్యకు వచ్చిందంటే, స్పార్క్ ఇచ్చే పాయింట్లు విడిపోయినట్టు. సిలిండర్‌లోని ఒత్తిడి వదిలించే డికంప్రెసర్ లివర్ నొక్కి కిక్కర్‌ను ఇంకాస్త దించి, లివర్ వదిలి, కిక్కర్‌ను పైకి రానిచ్చి అప్పుడు ఒక్క తన్ను. తొందరపడితే ఎదురు తంతుంది, మడమ వాచిపోతుంది. వాల్వుల ఎడం సరిచూసే ట్యాపెట్ల సంగతీ అంతే. ఇంజిన్ చల్లగా, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొసన ఉండగా పక్క మూత ఒక్క నట్టు విప్పితే వాల్వులను నెట్టే రెండు కడ్డీలు, పుష్‌రాడ్లు, కనిపిస్తాయి. వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఎడం కొలిచే ఫీలర్ గేజ్‌తో పని లేదు.

కిక్ కొట్టించే విషయంలో యమహా ఒంటి సిలిండర్ బండి ఎస్ఆర్400 మహా మొండిది. 1978లో వచ్చింది, 2021లో ఫైనల్ ఎడిషన్‌తో జపాన్‌లో ఆగిపోయింది. మధ్యలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది గానీ సెల్ఫ్ స్టార్ట్ మాత్రం చివరిదాకా రాలేదు!

లోపాలు లేవా అంటే, బోలెడు. ఒక్క పిస్టన్ పైకీ కిందికీ ఊగుతుంటే వణుకు తప్పదు. పాత బండ్లలో హైవే మీద గంట సేపు పోతే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, అద్దంలో వెనక లారీ రెండుగా కనిపిస్తుంది. బ్రేకులు అంతంతమాత్రం. ఇప్పుడు వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్, బ్రేకు వేస్తే చక్రం జారకుండా చూసే ఏబీఎస్ వచ్చాయి, మంచిదే. కాకపోతే పాత రూపం ఉన్నంత మాత్రాన లోపల సింపుల్ అనుకోవద్దు. ట్రయంఫ్ స్పీడ్ 400 చూడండి, లిక్విడ్ కూలింగ్ ఉన్న ఇంజినే, అయినా గాలితో చల్లబడే ఇంజిన్‌కుండే రెక్కలు పైన తీర్చి పెట్టారు. బండి చక్కనిదే, రెక్కలు మాత్రం ఎక్కువగా అందం కోసం.

కొనే ఆలోచన ఉంటే, ట్రయల్‌లో టాప్ స్పీడ్ జోలికి పోకండి. మూడో గేరులో నలభైకి దించి, యాక్సిలరేటర్ నిదానంగా తిప్పండి. గేరు మార్చకుండా, ఇంజిన్ గొణగకుండా లాక్కుపోతే మీకు కావలసింది అందులో ఉన్నట్టే. ఇక ప్రశ్నలు అడగండి, మైలేజీ ఎంతన్నది తప్ప!