సూర్యుడి బొమ్మ ఉన్న గార్డెన్ డిజైన్ యాప్: నా చామంతులు ఎందుకు పూయలేదో ఇప్పుడు తెలిసింది

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ యాప్ వాళ్ళు నాకు ఏడాది ప్రీమియం ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. పేరు, రేటు స్క్రీన్ మీద ఉన్నాయి. 3డీ మోడల్స్ ఎన్ని, ఏ ఫోన్‌లో నడుస్తుంది లాంటివి ఇప్పటికే నాలుగు చోట్ల చూసుంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను మాట్లాడేది ఒక్క బటన్ గురించి. ఇదిగో, కింద మూలన చిన్న సూర్యుడి బొమ్మ.

దానికన్నా ముందు మా ఇంటి సంగతి. మాది హైదరాబాద్ బోడుప్పల్‌లో 200 గజాల ఇల్లు, ఉత్తరం ఫేసింగ్. వాస్తు బాగుందని మామయ్యగారు ఏరికోరి తీసుకున్నారు. గేటుకీ గుమ్మానికీ మధ్య 12 అడుగుల ఖాళీ ఉంది, నా గార్డెన్ అంతా అదే. పోయిన చలికాలం అక్కడ 20 చామంతి మొక్కలు పెట్టాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి, అన్నీ కలిపాను. సంక్రాంతికి ముగ్గు చుట్టూ మన పూలే పెడదామని అత్తమ్మకి మాట కూడా ఇచ్చాను. ఎన్ని పూశాయో తెలుసా? ఏడు. ఏడు మొక్కలు కాదండీ, ఏడు పూలు! ఆకులు మాత్రం పాలకూర లెక్క పెరిగాయి. ఎరువుని తిట్టాను, నర్సరీ ఆయన్ని తిట్టాను. పండక్కి పూలు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచే వచ్చాయి.

ఇప్పుడు చూడండి. యాప్‌లో మా ఇల్లు గీశాను. రెండంతస్తులు, పిట్టగోడతో కలిపి 22 అడుగుల ఎత్తు. ఈ సూర్యుడి మీద నొక్కి, తేదీ డిసెంబర్ 21 పెట్టి, టైమ్‌ని మధ్యాహ్నానికి జరుపుతున్నా. నీడ చూశారా? 12 అడుగులూ దాటేసి, గేటు కూడా దాటి రోడ్డు మీద పడింది. మొత్తం 19 అడుగులు!

నేనైతే నమ్మలేదు. అదే తేదీన మేడ మీదకి వెళ్ళి, 3 అడుగుల చీపురు కర్రని నిటారుగా నిలబెట్టి, పన్నెండుంపావుకి సుద్దముక్కతో నీడ చివర గీత గీసి, టేపుతో కొలిచాను. 31 అంగుళాలు. లెక్క కడితే 22 అడుగుల ఇంటికి అదే 19 అడుగులు వస్తోంది. మా ఆయన కింద నుంచి "ఎండలో ఏం చేస్తున్నావే?" అని ఒకటే అరుపు.

విషయం ఏంటంటే, హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి బాగా వాలిపోతాడు, ఉత్తరం వాకిలి మీద ఇంటి నీడే పడుతుంది. అదే ఏటా మే 9 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, టీవీల్లో సీసా నిలబెట్టి నీడ లేదని చూపిస్తారు కదా, అదే రోజు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం వైపు నుంచే వస్తుంది. అంటే నా 12 అడుగులు చలికాలంలో చీకటి, ఎండాకాలంలో పెనం. చామంతికి కావాల్సినప్పుడు ఎండ లేదు. ఇక్కడ నీడే కదా అని అంతకుముందు ఫెర్న్‌లు పెట్టాను, అవి మేలో కాగితాల్లా ఎండిపోయాయి. రెండింటికీ కారణం ఒక్కటే, నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు.

ఇంతకుముందు నేను గ్రాఫ్ పేపర్ మీద గీసేదాన్ని. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వేశాను, అది తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. రెండిట్లోనూ బొమ్మ బాగానే వచ్చేది, ఎండ మాత్రం లేదు.

ఇక చిరాకు. మొదటి స్క్రీన్‌లోనే "మీ ప్రాంతంలో ఆఖరి మంచు గడ్డకట్టే తేదీ?" అని అడుగుతుంది. బోడుప్పల్‌లో ఏం గడ్డకడుతుందండీ, ఫ్రిజ్‌లో తప్ప! దాటేయడానికి కూడా లేదు, ఏదో తేదీ కొట్టాల్సిందే. మొక్కల లిస్టులో లావెండర్ పదకొండు రకాలు, కనకాంబరం ఒక్కటి లేదు. నందివర్ధనం లేదు. కరివేపాకు కోసం కర్రీ అని వెతికితే కర్రీ ప్లాంట్ వచ్చింది. వెండి రంగు సన్న ఆకులు, పసుపు పూలు. అది మధ్యధరా సముద్రం పక్క పెరిగే వేరే మొక్క, మన పోపుకి పనికిరాదు. సరే, పేరు ఏదైతేనేం అని ఆరడుగుల పొద ఒకటి పెట్టి, కరివేపాకు అని నేనే రాసుకున్నా.

ఇంకొకటి, సంపు, అంటే నేల కింద నీళ్ళ ట్యాంకు, ఎక్కడుందో గుర్తుపెట్టే ఆప్షనే లేదు. యాప్ దానంతట అదే వేసిచ్చిన ప్లాన్‌లో చెట్టు సరిగ్గా మా సంపు మూత మీద ఉంది. ట్యాంకర్ వచ్చిన రోజు పైపు ఎక్కడ పెట్టాలి? మీరు గీసేటప్పుడు సంపు, సెప్టిక్ ట్యాంక్, బోరు, ఈ మూడింటి చోట ముందే ఒక్కో డబ్బా బొమ్మ పెట్టేసుకోండి. ఇవి వదిలేసి చెట్టు వేశారంటే తర్వాత కొట్టేయాల్సింది మీరే.

కొనాలా అంటే, కొనండి. మొక్కల లిస్టుకి పదికి రెండు కూడా ఇవ్వను. ఆ సూర్యుడి కోసం మాత్రం ఒక్క నెల ప్లాన్ తీసుకుని, డిసెంబర్, మార్చి, జూన్ మూడు తేదీలకీ నీడలు చూసి, స్క్రీన్‌షాట్లు తీసుకుని, క్యాన్సిల్ చేసేయండి. ఏడాదికి కట్టొద్దు. వాళ్ళు నాకు ఏడాది ఫ్రీగా ఇచ్చారు, అయినా ఇదే చెప్తున్నా.

మా 12 అడుగుల్లో ఇప్పుడు మధ్యలో తాండూరు బండలు, గేటు పక్కన రెండు నందివర్ధనాలు, గోడ వారగా క్రోటన్లు. చామంతి కుండీలన్నీ మేడ మీద దక్షిణం పిట్టగోడకి దూరంగా పెట్టాను, దాని నీడ కూడా పడకుండా. నిన్న చూస్తే ఒక్క మొక్కకే పద్నాలుగు మొగ్గలున్నాయి. అత్తమ్మ రోజూ మెట్లెక్కి వెళ్ళి లెక్కపెట్టి వస్తోంది.