రెండవసారి కాదనడం

శ్రోతలకు నమస్కారం. యుద్ధంలో పట్టుబడిన సైనికుని చేతిలో ఆయుధం ఉండదు, వెంట దళం ఉండదు; తిండి ఎప్పుడు పెట్టాలో కూడా కావలివాడే నిర్ణయిస్తాడు. అతనికి మిగిలేది ఇచ్చిన మాట ఒక్కటే. ఆ మాటను చివరిదాకా నిలుపుకొన్న హైదరాబాదు వాసి కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ గురించి ఈ పూట చెబుతాను.

ఆయన 7వ రాజ్‌పుత్ రెజిమెంట్ 5వ బెటాలియన్‌లో అధికారి. 1941 డిసెంబరు 25న హాంకాంగ్ జపాను సేనలకు లొంగిపోయినప్పుడు ఖైదీ అయ్యారు. మొదట ఆయనను బాగానే చూశారు. ఒక పెద్ద సంస్థానాధీశునికి దగ్గరి బంధువని తెలిశాక మాత్రం, బ్రిటిష్ విధేయతను వదులుకొని తోటి భారతీయ ఖైదీల మనసులను కూడా మార్చాలని జపానువారు ఒత్తిడి తెచ్చారు. ఆయన కాదన్నారు. 1942 మేలో స్టాన్లీ జైలులో వేశారు. సెప్టెంబరులో బయటికి తెచ్చేసరికి, ఆకలికీ దెబ్బలకూ ఆయన నడవలేని స్థితిలో ఉన్నారు.

తొలిసారి కాదన్నప్పుడు ఏమి జరుగుతుందో ఆయనకు పూర్తిగా తెలిసి ఉండదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయనను అధికారుల శిబిరంలో కాక మామూలు సిపాయిల శిబిరంలో ఉంచారు. ఆయన అక్కడ సిపాయిల మనసు చెదరకుండా చూశారు, తప్పించుకొనేవారికి సాయపడే రహస్య ఏర్పాటును నడిపారు. ఈసారి తెలిసే చేశారు. ఆ జైలు, ఆ ఆకలి, ఆ దెబ్బలు, అన్నీ తెలిసే చేశారు.

1943 మేలో ఎవరో ద్రోహం చేసి పట్టించారు. తోడున్నవారి పేర్లకోసం మళ్ళీ నెలల తరబడి హింసించినా ఆయన లొంగలేదు. ఆ అక్టోబరులో, ముప్పైమందికి పైగా బ్రిటిష్, చైనీయ, భారతీయ ఖైదీలతో పాటు మరణశిక్ష విధించి, శిరచ్ఛేదం చేశారు.

పరాయి రాజు కోసం ఇంత నిష్ఠ దేనికని అడిగేవారుంటారు. స్వాతంత్ర్యం కోసం తమంతట తాము ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారిని నేను తప్పుపట్టను. కాని ఆకలితో మాడ్చి అడిగే సమ్మతి సమ్మతి కాదు. అన్సారీ కాదన్నది దానినే.

1946లో ఆయనకు మరణానంతరం, సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకాలలో ఒకటైన జార్జ్ క్రాస్ ప్రకటించారు. మీ ఇంటి పెద్దలెవరైనా ఆ యుద్ధానికి వెళ్ళి తిరిగిరాకపోతే, పేరూ రెజిమెంటూ చెప్పి కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం రికార్డులలో వెతికించండి. సమాధి దొరకనివారి పేర్లను సైతం ఆ సంఘం స్మారకాలపై చెక్కించింది. అన్సారీ సమాధి హాంకాంగ్‌లోనే, స్టాన్లీ సైనిక శ్మశానంలో ఉంది.