జిప్పు ఎలా పనిచేస్తుందో మీకు తెలుసా?

నమస్కారం. ఇంటర్నెట్ వచ్చాక మనిషి ఏకాగ్రత 8 సెకన్లకు పడిపోయిందని, గోల్డ్‌ఫిష్ మనకంటే నయమని మీరు వినే ఉంటారు. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం ఇచ్చిన నివేదిక పుణ్యమా అని ఆ మాట లోకమంతా పాకింది. దాని మూలం కోసం వెతికిన విలేకరులకు పరిశోధన అనదగ్గది ఏదీ దొరకలేదు. పాపం, ఆ చేపను వదిలేద్దాం.

నిజంగా కొలిచినవారు లేకపోలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యురాలు గ్లోరియా మార్క్, కంప్యూటర్ ముందు కూర్చున్నవారి చూపు ఒక తెర మీద ఎంతసేపు నిలుస్తుందో లెక్కించారు. 2004లో సగటున రెండున్నర నిమిషాలు. ఈ మధ్య 47 సెకన్లు. అంతమాత్రాన మెదడు పాడైపోయిందని కాదు, దానిని కుదురుగా ఉండనివ్వడం లేదు. అష్టావధానంలో అవధాని ధ్యాస మళ్లించడానికే అప్రస్తుత ప్రసంగిని కూర్చోబెడతారు. ఇప్పుడు ఆయన మన జేబులోనే కాపురం పెట్టాడు. అవధాని అంటే ధారణ ఉన్నవాడు, నెగ్గుకొస్తాడు. మన సంగతే అనుమానం!

అయితే నన్ను అంతకన్నా కలవరపెట్టే విషయం ఒకటుంది. 2015లోనే యేల్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ ఫిషర్, మరియెల్ గొడ్డు, ఫ్రాంక్ కీల్ కొన్ని ప్రయోగాలు చేశారు. జిప్పు ఎలా పనిచేస్తుంది వంటి ప్రశ్నలకు కొందరిని ఇంటర్నెట్‌లో జవాబు వెతకమన్నారు, మిగిలినవారికి ఆ అవకాశం ఇవ్వలేదు. తర్వాత అందరినీ పొంతన లేని వేరే ప్రశ్నలు అడిగారు. ఉదాహరణకు, మబ్బు పట్టిన రాత్రులు ఎందుకు వెచ్చగా ఉంటాయి? జవాబు చెప్పనక్కరలేదు, ఎంత బాగా చెప్పగలరో అంచనా వేసుకుంటే చాలు. నెట్‌లో వెతికినవారు తమకు ఎక్కువ మార్కులు వేసుకున్నారు. వెతికినా పనికొచ్చే జవాబు దొరకనివారు కూడా అంతే!

దీని గురించి నాకు తోచింది చెబుతాను. ఒకప్పుడు సందేహం వస్తే మాస్టారి దగ్గరకో, గ్రంథాలయానికో వెళ్లేవాళ్లం. ఆ నడకలోనే తెలిసినది ఆయనకు, తెలియనిది మనకు అన్న స్పృహ ఉండేది. ఫోను ఆ దూరాన్ని చెరిపేసింది. ప్రశ్న మనసులో కుదురుకోకముందే జవాబు చేతిలో ఉంటే, అది మనదే అనిపించడంలో వింతేముంది? ఫోన్ నంబర్లు మరిచిపోయామని బాధపడేవారు ఉన్నారు, నాకు ఆ బాధ లేదు. తెలియదన్న సంగతే తెలియకపోవడం దగ్గరే నాకు భయం.

దీనికి విరుగుడు కూడా ఆ కీల్ దగ్గరే ఉంది. 2002లో ఆయన, లియోనిడ్ రోజెన్‌బ్లిట్ కలిసి జనాన్ని జిప్పు వంటి వస్తువులు ఎలా పనిచేస్తాయో అంచెలంచెలుగా వివరించమన్నారు. రాయడం మొదలుపెట్టాక వారి ధీమా దిగిపోయింది, అంతకుముందు వేసుకున్న మార్కులను వారే తగ్గించుకున్నారు.

మీరూ ప్రయత్నించండి. మబ్బు పట్టిన రాత్రి ఎందుకు వెచ్చగా ఉంటుందో ఎక్కడా వెతకకుండా, మీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు ఈ వీడియో కింద రాయండి. తప్పయినా ఫరవాలేదు, అన్నీ చదువుతాను. ఎక్కడి నుంచో తెచ్చి అతికించినవి మాత్రం మొదటి వాక్యంలోనే పట్టుబడతాయి, ముందే చెబుతున్నాను.